ఆన్‌వో కోనకు దారి: మార్సేయ్ తీరంలో ఒకే గాలి మూసే మూడు తలుపులు

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మార్సేయ్ నగరానికీ కాసీ అనే చిన్న రేవు పట్టణానికీ మధ్య ఇరవై కిలోమీటర్ల పొడవున తెల్లని సున్నపురాతి కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. ఆ కొండల్లోకి సముద్రం వేళ్ళు చాపినట్టు చొచ్చుకొచ్చిన ఇరుకైన కోనలను అక్కడివాళ్ళు కలాంక్‌లు అంటారు. వాటిలో అందరూ ఫోటోల్లో చూసేది ఆన్‌వో: రెండు వైపులా నిట్టనిలువు గోడలు, మధ్యలో పచ్చలాంటి నీలపు నీరు, చివర గులకరాళ్ళ చిన్న ఒడ్డు. కాసీ రేవు నుంచి మ్యాప్‌లో చూస్తే కూతవేటు దూరమే అనిపిస్తుంది. అయినా వేసవిలో దాని కోసం వచ్చి చూడకుండా వెనుదిరిగేవాళ్ళు చాలామంది. ఒకరికి కొండదారి మొదట్లోనే ప్రవేశం లేదన్న బోర్డు ఎదురవుతుంది. ఇంకొకరికి రేవులో పడవల టికెట్ల గది మూసి ఉంటుంది. మూడోవారు ఎలాగో కోన దాకా చేరతారు, కానీ ఆగస్టు ఎండలో చెమటలు కక్కుతూ దిగిన ఆ నీళ్ళు మంచులా ఉండి రెండు నిమిషాలు కూడా నిలవలేకపోతారు.

ఈ మూడు ఇబ్బందులూ వేర్వేరుగా కనిపిస్తాయి. చాలా రోజుల్లో మూడింటికీ మూలం ఒక్కటే, మిస్త్రాల్ అనే గాలి. ఈ తీరానికి ప్రయాణం పెట్టుకునేవారు తేదీ చూసి కాదు, గాలిని చూసి రోజు ఎంచుకోవాలి. అదెందుకో తెలియాలంటే ముందు ఆ రాతి సంగతి తెలియాలి.

కోన ఎలా పుట్టింది

పాపికొండల మధ్య గోదావరిని ఊహించుకోండి. ఇప్పుడు ఆ నది ఎండిపోయిందనీ, తర్వాత సముద్రం పైకి లేచి ఆ లోయలోకి వచ్చి నిండిందనీ అనుకోండి. కలాంక్ అంటే దాదాపు అదే. ఈ సున్నపురాయి క్రెటేషియస్ యుగం తొలినాళ్ళలో, అంటే పన్నెండు కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ, వెచ్చని లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నది. తర్వాత నేల పైకి లేచింది, వాగులు దాన్ని లోతుగా కోశాయి. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట, మంచుయుగం పతాక దశలో, సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. ఈ లోయలన్నీ అప్పుడు పొడినేలే, తీరం ఎన్నో కిలోమీటర్ల అవతల ఉండేది. మంచు కరిగి సముద్రం పెరిగాక లోయల కింది భాగం మునిగింది.

దీనికి సాక్ష్యం మోర్జియు కోన పక్కనే నీళ్ళ కింద ఉంది. 1985లో ఆన్రీ కోస్కేర్ అనే గజ ఈతగాడు సముద్ర మట్టానికి 37 మీటర్ల కింద ఒక సొరంగం నోరు కనుక్కున్నాడు. అది పైకి వాలుగా సాగి గాలి ఉన్న గుహలోకి తెరుచుకుంటుంది. అందులో గుర్రాలు, అడవిదున్నలు, సీళ్ళ బొమ్మలు, మనుషుల అరచేతుల ముద్రలు ఉన్నాయి. వాటిలో పాతవి 27,000 ఏళ్ళకు పైబడినవి. ఆ మనుషులు గుహలోకి నడిచే వెళ్ళారు. ఇప్పుడు ఆ నోరు మూసేశారు, లోపలికి ఎవరినీ వెళ్ళనివ్వరు. గుహ నమూనాను 2022లో మార్సేయ్ రేవు దగ్గర తెరిచారు. గాలి వీచి కొండలు మూసిన రోజున చూడదగ్గది అదే.

సున్నపురాయి గుణం ఇంకొకటి యాత్రికుడికి నేరుగా తగులుతుంది. బెలుం గుహలు చూసినవారికి ఇది తెలిసిన విషయమే: వాననీరు ఈ రాయిని కరిగించుకుంటూ పగుళ్ళలోంచి లోపలికి ఇంకిపోతుంది, పైన నిలవదు. అందుకే ఈ కొండలమీద వాగు లేదు, ఊట లేదు, చెరువు లేదు. పోర్‌మియు కోనలో మాత్రం ఒక భూగర్భ నది సముద్రపు అడుగున బయటపడుతుంది, అదీ ఉప్పు కలిసిన నీరే. దారిపొడవునా తాగడానికి చుక్క దొరకదు. మనిషికి రెండు లీటర్లు, జూలై ఆగస్టుల్లో మూడు లీటర్లు ఇంటి దగ్గరే నింపుకొని బయలుదేరాలి. ఒడ్డున కొట్టు ఉంటుందిలే అనుకోవడం ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఆన్‌వోలో కొట్టు లేదు, కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, చెత్తబుట్ట కూడా లేదు.

మిస్త్రాల్

ఆల్ప్స్ పర్వతాలకూ ఫ్రాన్స్ నడిమి పీఠభూమికీ మధ్య రోన్ నది లోయ ఉంది. ఉత్తరాన చల్లగాలి పోగుపడి, జెనోవా అఖాతం వైపు అల్పపీడనం ఏర్పడితే ఆ గాలి ఈ లోయలో ఇరుక్కుని వేగం పుంజుకుని సముద్రం మీదికి దూకుతుంది. వాయవ్యం నుంచి వీచే ఈ గాలి పొడిగా ఉంటుంది. గట్టిగా వీచినప్పుడు గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది, కొన్నిసార్లు వరసగా రోజుల తరబడి సాగుతుంది.

మనకు గాలివాన అంటే మబ్బు, చీకటి, ఉరుము. విశాఖలోనో మచిలీపట్నంలోనో పెరిగినవారు ఆకాశం చూసి సముద్రాన్ని అంచనా వేస్తారు. మిస్త్రాల్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. అది మబ్బులను తుడిచేస్తుంది. ఆకాశం అద్దంలా మెరుస్తుంది, దూరపు దీవులు కూడా గీసినట్టు కనిపిస్తాయి. ఫోటోలకు అంత మంచి రోజు ఉండదనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజే అడవి మూస్తారు, పడవలు ఆపుతారు, నీళ్ళు చల్లబడతాయి.

అడవి ఎందుకు మూస్తారంటే, నెలల తరబడి వాన లేక ఎండిన అలెప్పో పైన్ చెట్లు, రోజ్‌మేరీ పొదలు నూనెతో నిండి ఉంటాయి. పొడిగాలిలో ఒక్క నిప్పురవ్వ చాలు. ఇరుకు దారుల్లో వందలమంది ఉండగా మంట లేస్తే వాళ్ళను దింపే దారే ఉండదు. అందుకని ఏటా జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా జిల్లా అధికార యంత్రాంగం మర్నాటి ముప్పును అంచనా వేసి, ముందురోజు సాయంత్రం సుమారు ఆరు గంటలకు రంగుల మ్యాప్ విడుదల చేస్తుంది. ఎరుపు పడితే ప్రవేశం లేదు. అతిక్రమిస్తే 135 యూరోల జరిమానా. నేషనల్ పార్క్ వారి 'మే కలాంక్' అనే యాప్‌లో ఇది కనిపిస్తుంది. ముందురోజు పొద్దున చూసినది లెక్కలోకి రాదు, సాయంత్రం ఆరు దాటాక చూసినదే లెక్క. పడవలో వచ్చి ఒడ్డున దిగి కొండదారి ఎక్కుదామనుకున్నా నిషేధం నిషేధమే.

పొగతాగడం, నిప్పు వెలిగించడం మాత్రం ఏడాది పొడవునా, ఏ రంగులోనైనా, పూర్తిగా నిషేధం. చలికాలం కదా అని చిన్న స్టవ్ మీద టీ పెట్టుకోవడం కూడా కుదరదు.

ఇక నీళ్ళు చల్లబడటం. చాలామంది దీన్ని ఉత్తరపు చలిగాలి తగిలి నీరు చల్లబడిందని అనుకుంటారు. అది కాదు. గాలి పైపొర నీటిని తీరం నుంచి నెట్టేస్తుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో ఆ పొర గాలికి కుడివైపుగా, ఇక్కడైతే ఇంకా బయటి సముద్రం వైపు, మళ్ళుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఈ కొండల కింద సముద్రం తీరానికి దగ్గర్లోనే లోతు కాబట్టి చల్లనీరు రావడానికి ఎంతోసేపు పట్టదు. 23, 24 డిగ్రీలున్న నీరు ఒకటి రెండు రోజుల్లో 15, 16కు పడిపోతుంది. గాలి తగ్గినా నీరు మళ్ళీ వెచ్చబడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. కనుక గాలి నిన్ననే ఆగింది కదా అని ఈతకు వెళ్ళేవారు నీటి ఉష్ణోగ్రత విడిగా చూసుకోవాలి. ఎండలో నడిచి కాగిన ఒంటితో ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుంటుంది. గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. ముందు మెడ, ఛాతీ తడుపుకుని మెల్లగా దిగాలి.

మరో గాలి సంగతి కూడా చెప్పాలి. తూర్పు గాలి వీచినప్పుడు అడవి చాలావరకు తెరిచే ఉంటుంది, మబ్బు పట్టి చెమ్మగా ఉంటుంది. కానీ అలలు కోనల నోళ్ళలోకి నేరుగా వస్తాయి. అలాంటి రోజు నడిచి వెళ్ళి పైనుంచి చూడటానికి మంచిది, పడవకు చెడ్డది.

నడిచి వెళ్ళడం

కాసీ నుంచి ఆన్‌వోకు వరసగా రెండు కోనలు దాటి వెళ్ళాలి. రేవు నుంచి పడమరగా ఊరి వీధుల్లో అరగంట నడిస్తే పోర్‌మియు వస్తుంది. కిలోమీటరుకు పైగా లోపలికి సాగిన పొడవాటి కోన ఇది. రెండు ఒడ్డులా పడవలు కట్టి ఉంటాయి. పక్కన పాత రాతి గని కనిపిస్తుంది. చాకలి సోడా తయారీకి సోల్వే కంపెనీ ఇక్కడి సున్నపురాయినే తీసుకెళ్ళేది. ఇక్కడి నుంచి ఎరుపు తెలుపు గీతల గుర్తులను పట్టుకుని ఇరవై, ముప్పై నిమిషాలు నడిస్తే పోర్‌పాన్ చేరతారు. పైన్ చెట్ల నీడ, ఇసుక కలిసిన చిన్న ఒడ్డు, మెల్లగా లోతయ్యే నీరు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చినవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. ఆన్‌వో చూడలేదన్న వెలితితో ముందుకు లాగడం చాలా కుటుంబాల రోజును పాడుచేస్తుంది.

పోర్‌పాన్ నుంచి దారి నిటారుగా పీఠభూమి మీదికి ఎక్కుతుంది. పైన ఆన్‌వోను కిందికి చూసే అంచులున్నాయి, ఫోటోలన్నీ అక్కడివే. అక్కడి నుంచి ఒడ్డుకు దిగేది దాదాపు కాలువలాంటి రాతి గాడి, వంద మీటర్లకు పైగా ఎత్తు. చేతులు వాడకుండా దిగలేరు. అసలు చిక్కు ఏటవాలుతనం కాదు, నునుపు. ఏళ్ళ తరబడి లక్షల పాదాలు రుద్ది ఆ సున్నపురాయిని గుడిమెట్టులా మెరిసేట్టు చేశాయి. పొడిగా ఉన్నప్పుడే జారుతుంది. రెండు చినుకులు పడినా, తడి చెప్పులతో ఎక్కినా సబ్బు మీద నిలబడ్డట్టే. చెప్పులతో, పట్టులేని కాన్వాస్ బూట్లతో వచ్చినవారే ఇక్కడ చీలమండ బెణికించుకుంటారు. రబ్బరు అట్ట గాట్లు అరగని నడక బూట్లు ఉండాలి. దిగేటప్పుడు నునుపైన మధ్య రాయి మీద కాక పక్కనున్న గరుకు రాయి మీద అడుగు వేయాలి. ముందున్న మనిషికి సరిగ్గా కింద నిలబడకూడదు, రాళ్ళు దొర్లుతాయి.

కాసీ రేవు నుంచి ఆన్‌వో ఒడ్డుకు వెళ్ళడానికి గంటన్నర నుంచి రెండు గంటలు. తిరుగు ప్రయాణానికి అంతకన్నా ఎక్కువ ఉంచుకోవాలి, ఎందుకంటే ఇది తిరగేసిన కొండ. మామూలు కొండలో కష్టం ముందు, తేలిక తర్వాత. ఇక్కడ తాజాగా ఉన్నప్పుడు దిగుతాం. ఈతకొట్టి అలిసి, నీళ్ళు సగం అయిపోయాక, మధ్యాహ్నం మూడింటి ఎండలో తెల్లరాయి వేడి మొహాన కొడుతుండగా ఎక్కుతాం. నీళ్ళలో సగం తిరుగు దారికి దాచాలన్నది ఇక్కడ కచ్చితంగా పాటించాల్సిన లెక్క. పొద్దున్నే ఏడింటికి నడక మొదలుపెట్టి పదకొండుకల్లా పైకి ఎక్కేసినవారికి ఈ బాధ ఉండదు, జనం కూడా తక్కువ. ఎత్తైన గోడల వల్ల ఒడ్డు మీద సాయంత్రం కాకముందే నీడ పడుతుంది కాబట్టి ఆలస్యంగా వెళితే ఆ నీటి రంగు కూడా చూడలేరు.

కాసీకి రైలు మార్సేయ్ సెయింట్ షార్ల్ స్టేషన్ నుంచి అరగంట లోపే. అయితే కాసీ స్టేషన్ ఊళ్ళో లేదు, పైన మూడు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. దిగాక బస్సు ఎక్కాలి. కారుతో వచ్చేవారు వేసవిలో పార్కింగ్ కోసం గంట తిరగడానికి సిద్ధపడాలి.

సుజితోన్: సంఖ్యకు పెట్టిన తాళం

మార్సేయ్ వైపు నుంచి వెళ్ళేవారికి దగ్గరి కోన సుజితోన్. లుమిని విశ్వవిద్యాలయం దాకా సిటీ బస్సు వెళుతుంది. అక్కడి నుంచి పైన్ చెట్ల మధ్య వెడల్పాటి దారిలో కనుమ దాకా, ఆ తర్వాత సుమారు రెండు వందల మీటర్లు కిందికి, మొత్తం ముప్పావుగంట నుంచి గంట. అంత సులువు కావడమే దాని కొంప ముంచింది.

వేసవిలో ఈ చిన్న కోనకు రోజుకు 2,500 మంది దాకా వచ్చేవారు. దారి చాలక పక్కన తొక్కేవాళ్ళు, చెట్టు కింద నీడకని కూర్చునేవాళ్ళు. పలచని మట్టి ఊడిపోయి వానకు కొట్టుకుపోయింది. పైన్ చెట్ల వేళ్ళు గాలిలో తేలాయి. విత్తనం పడినా మొలవడానికి మట్టి లేదు. ఈ కొండలమీద మట్టి పేరుకోవడానికి వందల ఏళ్ళు పడుతుంది, పోవడానికి కొన్ని వేసవులు చాలు. 2012లో ఏర్పడిన నేషనల్ పార్క్ 2022 వేసవి నుంచి ఇక్కడ రోజుకు 400 మంది అనే పరిమితి పెట్టింది. బుకింగ్ ఉచితం, పార్క్ వెబ్‌సైట్‌లోనే చేసుకోవాలి. పేరుతో వచ్చే క్యూఆర్ కోడ్‌ను కనుమ దగ్గర చూపిస్తే దిగనిస్తారు. కోడ్ లేకుండా కిందికి వెళితే 68 యూరోల జరిమానా.

ఈ నియమం ఏడాదంతా కాదు. రద్దీ నెలల్లో ప్రకటించిన రోజులకే. ఏ రోజులన్నది ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏటి జాబితా చూసుకోవాలి. ఒక చిక్కును మాత్రం గుర్తుంచుకోవాలి: బుకింగ్, అడవి రంగు రెండూ వేర్వేరు తాళాలు. బుకింగ్ ఉన్నా ఆ రోజు ఎరుపైతే అది రద్దయినట్టే. అడవి తెరిచి ఉన్నా బుకింగ్ లేకపోతే సుజితోన్ మూసినట్టే. సోర్మియు, మోర్జియు, పోర్‌పాన్, ఆన్‌వోలకు ఈ బుకింగ్ అక్కర్లేదు. అందరికీ తెరిచి ఉండాల్సిన చోటుకు తలుపు పెట్టడం బాధే అయినా, ఆ వేళ్ళు చూసినవారెవరూ ఈ 400 అంకె తప్పని అనలేరు.

పడవలో వెళ్ళడం

ఇక్కడ పడవ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులున్నాయి. వాటిని కలగలిపేసుకోవడం వల్లే నిరాశ.

మొదటిది కాసీ, మార్సేయ్ రేవుల నుంచి టికెట్ మీద తిప్పే పెద్ద పడవ. కాసీలో మూడు కోనల తిరుగుడు ముప్పావుగంట, ఐదు కోనలది గంటకు కాస్త ఎక్కువ, ఎనిమిదో తొమ్మిదో చూపించేది రెండు గంటల దాకా. ఇవి కోన నోటి దగ్గరకు వెళ్ళి, కాసేపు నిలబడి, తిరిగి వస్తాయి. ఆన్‌వోలో దింపుతారనుకుని స్నానపు తువ్వాలుతో ఎక్కేవారు ఎప్పుడూ ఉంటారు. దింపరు. నడవలేని పెద్దవారికి ఈ పడవే సరైన దారి. గోడల ఎత్తు నిజంగా తెలిసేది కిందినుంచే. ఎండకు టోపీ, చల్లగాలికి పల్చని కోటు, కడుపు తిప్పేవారికి ముందే మాత్ర ఉంచుకోవాలి. మిస్త్రాల్ రోజున ఆ పూట పొద్దున్నే రద్దు ప్రకటిస్తారు, కాబట్టి ప్రయాణం చివరి రోజుకు ఈ టికెట్ పెట్టుకోకూడదు.

రెండోది కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ. కాసీ దగ్గర అద్దెకు దొరుకుతుంది, ఆన్‌వో నాలుగైదు కిలోమీటర్లు. తెడ్డు కొత్త అయినవారికి ఒకవైపే గంటన్నర. గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటే సూచన ఉంటే మొదలుపెట్టకండి. ప్రమాదం ఎక్కడంటే, గోడల కిందనే పోతుంటే గాలి తగలదు, సముద్రం చెరువులా ఉంటుంది. ఒక కోన నోరు దాటేటప్పుడు మాత్రం కొండమీది గాలి గరాటులోంచి వచ్చినట్టు పక్కనుంచి కొట్టి మిమ్మల్ని బయటికి నెడుతుంది. అప్పుడు నిటారుగా కూర్చోకుండా ముందుకు వంగి, గాలి వచ్చే వైపు గోడకే పడవ మూతి తిప్పి తెడ్డు వేయాలి. ఊరి వైపుకు కాదు, దగ్గరి గోడ వైపుకు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి అలలు చిట్లుతాయి, అందుకే పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ముందే తిరిగి రావాలి. ఆన్‌వో చివర నీటి మీద తేలే పసుపు గుర్తుల (బోయల) వరస ఉంటుంది. దాని లోపల ఈతగాళ్ళది హక్కు, మోటారు పడవలు రాకూడదు.

మూడోది మీరే నడిపే అద్దె మోటారు పడవ. ఫ్రాన్స్‌లో ఆరు హార్స్‌పవర్ లోపు ఇంజన్‌కు లైసెన్సు అక్కర్లేదు, అంతకు మించితే కావాలి. లైసెన్సు అక్కర్లేదంటే తేలికని కాదు. ఆ చిన్న ఇంజన్ ఎదురుగాలిలో ముందుకు లాగలేదు. తీరం నుంచి 300 మీటర్ల లోపు వేగం ఐదు నాట్‌లు దాటకూడదు, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు.

లంగరు వేయడంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. పైనుంచి చూస్తే అడుగు రెండు రంగుల్లో కనిపిస్తుంది: లేతగా మెరిసేది ఇసుక, నల్లగా మచ్చలా ఉండేది పోసిడోనియా. అది పాచి కాదు. వేరు, కాండం, ఆకు, పువ్వు ఉన్న మొక్క, ఈ జాతి మధ్యధరా సముద్రంలో తప్ప ఎక్కడా పెరగదు. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. చేపపిల్లలకు అదే ఇల్లు. లంగరు దానిలో పడితే పైకి లాగేటప్పుడు గడ్డలతో సహా పెకలించుకొస్తుంది. ఆ గుంత పూడటానికి మనిషి జీవితకాలం చాలకపోవచ్చు. ఫ్రాన్స్‌లో 1988 నుంచి ఇది రక్షిత మొక్క. 24 మీటర్లు, ఆపైన ఉన్న పడవలు దాని మీద లంగరు వేయకుండా 2020లో ప్రత్యేక ఉత్తర్వులు వచ్చాయి. చిన్న పడవలవారు డోనియా అనే యాప్‌లో అడుగు మ్యాప్ చూసి ఇసుక చోటు ఎంచుకోవచ్చు.

ఇసుకలో లంగరు పట్టాలంటే తాడు లోతుకు కనీసం మూడు రెట్లు, గాలి ఉంటే ఐదు రెట్లు వదలాలి. ఐదు మీటర్ల లోతులో పదిహేను నుంచి పాతిక మీటర్లు. తాడు పొట్టిగా ఉంటే లాగుడు పైవైపుకు పడి లంగరు పట్టు వదిలేస్తుంది. వదిలాక మెల్లగా వెనక్కి నడిపి, ఒడ్డున రెండు గుర్తులను ఒకే వరసలో చూసుకుని, అవి కదలకుండా ఉన్నాయో లేదో ఐదు నిమిషాలు గమనించాకే ఈతకు దిగాలి. ఇరుకు కోనలో పడవ గాలికి గుండ్రంగా తిరుగుతుందనీ, వెనక గోడ ఉందనీ మరిచిపోయేవారే ప్రొపెల్లర్ విరగ్గొట్టుకుంటారు.

ఒడ్డున గోధుమరంగు ఎండాకుల గుట్టలు కనిపిస్తే చెత్త అనుకోవద్దు. పోసిడోనియా రాల్చిన ఆకులవి. చలికాలపు అలలు ఒడ్డును కోయకుండా అడ్డుపడేవి అవే.

నీళ్ళలోకి

బంగాళాఖాతం అలవాటైనవారికి ఇక్కడి నీరు కొత్తగా ఉంటుంది. విశాఖలో ఆటుపోట్లకు నీటిమట్టం ఒకటిన్నర మీటరు దాకా మారుతుంది. ఇక్కడ మూడు నాలుగు పదుల సెంటీమీటర్లే. పోటుకు దారి మునిగిపోతుందన్న భయం లేదు. ఋషికొండలో ఉండే, వెనక్కి గుంజే ప్రవాహాలు ఈ మూసిన కోనల్లో అరుదు. కానీ ఒడ్డు నుంచి నాలుగు అడుగులు వేస్తే నేల అందదు. మెల్లగా లోతయ్యే తీరాల్లో ఈత నేర్చుకోనివారు కూడా నడుము లోతున నిలబడి ఆడుకుంటారు. ఆ అలవాటుతో ఆన్‌వోలో దిగడం ప్రాణాంతకం. లైఫ్‌గార్డు ఉండడు. ఈత రానివారు లైఫ్‌జాకెట్ లేకుండా దిగకూడదు.

రాళ్ళమీద ఉర్చిన్లనే నల్లని ముళ్ళ సముద్రజీవులు ఉంటాయి, కాబట్టి నీటి బూట్లు కావాలి. కొన్ని రోజుల్లో ఊదారంగు జెల్లీఫిష్ గుంపులు కొట్టుకొస్తాయి. కుడితే రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు. మంచినీళ్ళకు చర్మం మీద మిగిలిన విషపు కణాలు పేలతాయి. సముద్రపు నీటితోనే కడిగి, ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా గీకి తీసేయాలి. గోడలమీంచి దూకడం చూసి మీరూ దూకవద్దు. నీరు ఎంత స్పష్టంగా ఉంటే లోతు అంత తప్పుగా కనిపిస్తుంది.

రోజు ఎంచుకోవడానికి ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ మధ్య దాకా మంచివి. మేలో నడక హాయి, నీరు ఇంకా 16, 17 డిగ్రీలే. అక్టోబర్‌లో అగ్ని ఆంక్షలు ఉండవు, వేసవి వేడి నీళ్ళలో కాస్త మిగిలి ఉంటుంది, కానీ తూర్పు గాలితో వచ్చే కుంభవృష్టిని చూసుకోవాలి. జూలై ఆగస్టుల్లోనే రాక తప్పనివారు కనీసం మూడు రోజులు ఈ తీరంలో ఉండేలా పెట్టుకోండి. గాలిలేని తొలిరోజున కొండదారి, రెండో రోజున పడవ. మిస్త్రాల్ వస్తే ఆ మధ్యలో మార్సేయ్ నగరం.

ఆపద వస్తే నేల మీద 112, సముద్రంలో 196, పడవలో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే 16వ చానల్. ఆన్‌వో అడుగున గోడల మధ్య ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు. అప్పుడు గుంపులో ఒకరు పీఠభూమి మీదికి ఎక్కి ఫోన్ చేయాలి, గాయపడినవారి దగ్గర ఇంకొకరు ఉండాలి. అందుకే ఈ దారికి ఇద్దరి కన్నా ముగ్గురు మంచిది. ఫోన్ చేసేటప్పుడు కోన పేరు ముందు చెప్పి, ఒడ్డున ఉన్నారా, దిగే గాడిలో ఉన్నారా, పైన అంచున ఉన్నారా అన్నది వెంటనే చెప్పాలి. హెలికాప్టర్ రావాలా, పడవ రావాలా అన్నది దాన్నిబట్టే తేలుస్తారు.